గొంతు సంగతి తేల్చుకోవడానికి పాలమూరు వెళ్ళాం

దేవరకొండ నుంచి పాలమూరుకు పోయేవాళ్ళు సాధారణంగా కోర్టు పని మీదనో, దవాఖానకో, కాకుంటే పెండ్లి సంబంధం చూడటానికో పోతారు. మేము పోయింది వీటిలో దేనికీ కాదు. నా గొంతు ఎటువంటిదో ఒక మనిషిని అడిగి తెలుసుకోవడానికి పోయాం. కచేరీ పని మాని పింఛను తీసుకుంటున్న మనిషి ఇటువంటి కారణం చెబితే ఊరంతా నవ్వుతుందని, రైలు చూసివస్తామని చెప్పి బయలుదేరాం. అదీ అబద్ధం కాదు. మా ఇంటామె నర్సమ్మ అప్పటిదాకా రైలు చూడలేదు.

నేను తాలూకా కచేరీలో నకళ్ళు రాసి బతికినవాణ్ణి. పై అధికారులు రాసిన తీర్పులను, హుకుంలను చక్కని చేతిరాతతో మళ్ళీ రాయడమే నా ఉద్యోగం. అయినా ఊళ్ళో నన్నెవరూ నకళ్ళు రాసేవాడిగా గుర్తుపెట్టుకోలేదు. అందరికీ నేను కృష్ణుడు మల్లేశాన్ని. నాకు ఇరవై ఏళ్ళప్పుడు సర్కారు జిల్లాల నుంచి ఒక నాటక కంపెనీ వచ్చి కోట కింద మైదానంలో నెల రోజులు డేరా వేసింది. వాళ్ళ కృష్ణుడికి చలిజ్వరం పట్టుకుంది. నేను రోజూ డేరా చుట్టూ తిరుగుతూ పద్యాలన్నీ నోటికి పట్టి ఉన్నాను కాబట్టి నాకు నీలం రంగు పూసి, నెమలి ఈక పెట్టి నిలబెట్టారు. కృష్ణుడికి జ్వరం తగ్గేదాకా, నాలుగు రాత్రులు నేనే కృష్ణుణ్ణి. పోయేముందు కంపెనీ యజమాని వీరరాఘవయ్య మా ఇంట్లో భోజనానికి కూర్చుని, మా బాపు ముందు, ఇరుగుపొరుగు అందరి ముందు, "ఈ కుర్రాడి గొంతు బంగారమండీ. నాతో బెజవాడ పంపండి. ఏడాది తిరక్కుండా మద్రాసు దాకా వీడి పేరు మోగిస్తాను," అన్నాడు. ఆ నెలలోనే నా పెండ్లి ఖాయమై ఉంది. కంపెనీ బండ్లు పోయాయి. నేను పోలేదు.

అప్పటి నుంచి మా ఊళ్ళో నా గురించి ఒక మాట పుట్టింది: "గప్పుడు పోయి ఉంటేనా!" దాని తర్వాత ఏమయ్యేదో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మద్రాసు, బొంబాయి, గ్రామఫోను ప్లేట్లు, నవాబుగారి మహలులో పాటకచేరీ. నేను చేయని పనులన్నీ నా ఖాతాలో పడ్డాయి. పెండ్లి విందుల్లో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టేవాళ్ళు. కొత్త తాసీల్దారు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను చూపించి ఈ కథ చెప్పేవాళ్ళు, ఆయన అయ్యో పాపం అనేవాడు, ఆ రోజంతా నా మీద కసురుకునేవాడు కాదు. ఇంట్లో మాత్రం ఆ మాట వేరే తీరుగా వినపడేది. మా అమ్మ కోపం వచ్చినప్పుడల్లా కోడలి దిక్కు చూసి, "ఏ గడియల కాలు పెట్టినవో, నా కొడుకు పాట ఆగిపాయె," అనేది. నర్సమ్మ కట్టెలు గట్టిగా విరిచి పొయ్యిలో పెట్టేది.

ఆ వీరరాఘవయ్య బతికే ఉన్నాడని, పాలమూరు రైల్వే స్టేషను దగ్గర కాఫీ హోటలు నడుపుతున్నాడని మా సంతకు వచ్చే గాజుల వ్యాపారి చెప్పాడు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నన్ను విని, నా గురించి ఖచ్చితంగా చెప్పగలిగినవాడు లోకంలో ఆయనొక్కడే. మర్నాడు నర్సమ్మతో అన్నాను.

"పోయొస్త. ఒక్కసారి అడుగుత. నేను పోయి ఉంటే నిజంగ ఏమయ్యేటోణ్ణో."

"నేను గూడ వస్త," అంది.

"నీకెందుకే గంత దూరం?"

"రైలు సూడాలె. ఇంకోటి, గాయన మొకం గూడ ఒకసారి సూడాలె."

దేవరకొండ నుంచి కల్వకుర్తికి పొద్దున ఒకటే బస్సు. యుద్ధం మూలంగా పెట్రోలు దొరకడం లేదు కాబట్టి ఇప్పుడు నడిచేవన్నీ బొగ్గు బస్సులు. వెనక నిలువుగా ఒక ఇనుప పీపా ఉంటుంది. అందులో బొగ్గులు పోసి నిప్పు పెట్టి, ఒక మనిషి చక్రం తిప్పుతూ గాలి ఊదుతుంటే, ఆ పొగతో ఇంజను నడుస్తుంది. తెల్లవారకముందే పోయి కూర్చున్నా, నిప్పు రాజుకుని బస్సు కదిలేసరికి ఎండ మొకం మీదికి వస్తుంది. కల్వకుర్తికి మనిషికి బారాణా. హాలీ సిక్కాలోనే, అంటే నిజాం నాణేల్లోనే తీసుకుంటారు. ముందు వరుసలో చోటు దొరికితే మంచిది. వెనక కూర్చున్నవాళ్ళు దిగేసరికి కమ్మరివాళ్ళలాగా అవుతారు.

ఊరు దాటితే రెండు పక్కలా ఏనుగులు పడుకున్నట్టు బండలు, వాటి మధ్య ఆముదం చేన్లు, పాలు పోసుకుంటున్న జొన్న. బస్సులో మా ఊరివాడొకడు ఉన్నాడు. ఇంకేముంది, నా కథ మొదలుపెట్టాడు. డ్రైవరు ఖాజా మియా వెనక్కి తిరిగి నన్ను చూసి, "అరె, గింత పెద్ద ఫన్‌కారు మన గాడీల ఉన్నడా? ఒకటి ఇనిపించుండ్రి పెద్దాయనా, తొవ్వ తెల్వకుండ పోతది," అన్నాడు.

"పొగ పట్టింది మియా, గొంతు బాగలేదు," అన్నాను.

నర్సమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది గానీ, ఆమె పెదవి కొస కదిలింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరు పాడమన్నా నాకు ఏదో ఒకటి పట్టే ఉంటుంది. చలికాలం పడిశం, ఎండాకాలం దగ్గు.

దిండి వాగు దాటిన తరువాత ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ బస్సు దగ్గి, మూలిగి, నిలబడిపోయింది. ఖాజా మియా దిగి తలుపు తీసి, "జర దిగుండ్రి సార్. పైదాక నడువుండ్రి, నేను ఖాళీ గాడీ ఎక్కిస్త," అన్నాడు.

"కిరాయి ఇచ్చి నడుసుడేంది?" అంది నర్సమ్మ.

"అమ్మా, జవానీల గీ గాడీ హైదరాబాదుల మస్తు ఉరికిందట. నేను సూడలే, నాకు అమ్మినోడు చెప్పిండు. ఇప్పుడైతే గిట్లనే పోతది. ఫికర్ చెయ్యకు, పైన ఆపి ఉంట."

అందరం దిగి నడిచాం. దారి పొడవునా తంగేడు పూసి ఉంది. నర్సమ్మ సద్ది మూట నెత్తిన పెట్టుకుని నాకంటే ముందే పైకి చేరింది. ఖాజా మియా అన్నమాట ప్రకారం ఆపే ఉన్నాడు.

కల్వకుర్తి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సు ఆగే చోటికి ఎదురుగా ఒక విధవరాలు పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంది. బియ్యం కరువు కదా, వరి అన్నం అడగకండి. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు పెడుతుంది. ఎన్ని రొట్టెలు తిన్నా చారణే. "ఇంకోటి ఏసుకో అన్నా, పాలమూరుకు పోయేసరికి దీపాలు పెడ్తరు," అని ఆమె అడగకుండానే వేసింది. అక్కడి నుంచి జడ్చర్ల మీదుగా పాలమూరుకు ఇంకో బస్సు ఉంది. జడ్చర్ల దగ్గర రైలు గేటు వేసి ఉండటంతో ఆగాం. రైలు రాలేదు, బొగ్గు వేసుకునే చిన్న తోపుడు బండి ఒకటి పోయింది. నర్సమ్మ తల బయటికి పెట్టి పట్టాలను చూసి, "గీ రెండు కమ్ములేనా?" అంది. ఇంత దూరం వచ్చింది దీనికా అన్నట్టుంది ఆ గొంతు.

పాలమూరులో స్టేషనుకు దగ్గరలోనే సత్రం ఉంది. చాప, దీపం ఇస్తారు. నీళ్ళు బావిలో తోడుకోవాలి. ఆ సాయంత్రమే హోటలుకు పోదామంటే నర్సమ్మ ఒప్పుకోలేదు. "మొకం సూడు నీది, మసి. గిట్ల పోతే ఇంజను డ్రైవరు అనుకుంటడు. పొద్దుగాల తానం చేసి పోదాం," అంది.

పొద్దున ఉతికిన ధోవతి కట్టుకుని, కండువా వేసుకుని నర్సమ్మతో వెళ్ళాను. స్టేషను కటకటాలను ఆనుకుని ఒక రేకుల షెడ్డు. ఒక పక్క ఇడ్లీ పాత్ర పొగలు కక్కుతోంది. పొయ్యి ముందు కూర్చున్న ముసలాయన సన్నగా, వంగిపోయి ఉన్నాడు. నెరిసిన జుట్టు మాత్రం నాటకాలవాళ్ళ తీరుగా మెడ దాకా దువ్వి వదిలాడు. అది చూసి గుర్తుపట్టాను. మనిషిని కాదు, జుట్టునే.

రెండు కాఫీలు తెప్పించుకుని తాగాక మెల్లగా అన్నాను. "మీరు ఎన్కట నాటకం కంపిని నడిపిండ్రు కదా. మాది దేవరకొండ."

ఆయన కళ్ళు మెరిశాయి. "దేవరకొండా! కోట కింద మైదానం! గాలివానకు మా తెర చిరిగింది అక్కడే. అబ్బాయ్, ఆ ఊళ్ళో ఒక ఇంట్లో కోడికూర పెట్టారు. నువ్వులపొడి వేసిన కూర. రొట్టెలు కాగితాల్లాగ ఉండేవి. దేశమంతా తిరిగాను, అలాంటి కూర మళ్ళీ తినలేదు."

"గా ఇల్లు మాదే," అన్నాను. "కూర చేసింది మా అమ్మ."

ఆయన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అమ్మగారు ఉన్నారా?"

"పోయి చాన్నాళ్ళయింది."

"మహాతల్లి," అన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను కృష్ణుడి వేషం కట్టిన. మీ కృష్ణుడికి జరమొచ్చినప్పుడు. యాదికున్ననా?"

ఆయన నన్ను పై నుంచి కిందికి చూశాడు. "నీలం రంగు పూశాక ఎవరు ఎవరో ఏం తెలుస్తుంది నాయనా," అన్నాడు మర్యాదగా.

"నా గొంతు బంగారమన్నరు. మా బాపుతోని చెప్పిండ్రు. మద్రాసు దాక పేరు మోగుతదన్నరు."

ఆయన గ్లాసు ఒకటి తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. "అనే ఉంటాను," అన్నాడు.

"అంటే?"

"ఏమీ అనుకోవు కదా? మేం ముప్పై మందిమి. ఎడ్లకు గడ్డి, దీపాలకు నూనె, అందరికీ రెండు పూటలా తిండి. టిక్కెట్ల మీద ఏం వస్తుంది? ప్రతి ఊళ్ళోనూ కాస్త కలిగిన ఇంట్లో పాడగలిగే కుర్రాడు ఒకడు ఉంటాడు. వాడి గొంతు బంగారం అంటే ఆ ఇంట్లో మాకు భోజనానికి లోటు ఉండేది కాదు. దేవరకొండ బంగారం నువ్వన్న మాట. నల్లగొండలో ఒకడు ఉన్నాడు, భువనగిరిలో ఇద్దరు."

"మరి ఎవరన్న నిజంగ మీ ఎంబడి వచ్చిండ్రా?"

"ఇద్దరు వచ్చారు. ఒకణ్ణి తెర లాగడానికి పెట్టుకున్నాను. రెండోవాడికి నెల తిరక్కుండా ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే బండెక్కించి పంపాను."

నలభై ఏళ్ళుగా ఊళ్ళో నాకు దక్కిన మర్యాదంతా ఒక కోడికూరకు బదులుగా వచ్చిందేనని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నవ్వాలని అనిపించింది గానీ నవ్వు రాలేదు. కండువా తీసి మడిచి, మళ్ళీ వేసుకున్నాను. నిజానికి ఈ మాట విని సంతోషించవలసింది నర్సమ్మ. ఆమె మూలంగా ఆగిపోయిన గొప్ప బతుకు అసలు లేనేలేదని తేలిపోయింది కదా. ఆమె దిక్కు చూశాను. ఆమె లేచి నిలబడి ఉంది.

"ఏమయ్యా పెద్దాయనా," అంది. "బువ్వ కోసమంటివా గా మాట? మా అత్త సచ్చేదాక నన్ను తిట్టింది, ఎరుకేనా? నా కాలు వడ్డంక కొడుకు పాట ఆగిందని. నువ్వు కూర తిని పోతివి. తిట్లు నేను తింటి."

వీరరాఘవయ్య గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అమ్మా, నాకు తెలీదు..."

"ఇను. గది ఇడిచిపెట్టు, అయిపాయె. ఈయన గొంతు బంగారం గాదని ఎట్లంటున్నవు? పెండ్లయిన కొత్తల పొద్దుగాల మా మామ మగ్గాల కాడ ఈయన పాడుతుంటే నేను కుండ పక్కకు వెట్టి గోడ అవుతల నిలవడి ఇన్న. నీళ్ళకు పోవుడు మరిచిపోయి ఇన్న. మంచిగుండె. నువ్వు ఇన్నవా అసలు? నీ ధ్యాసంత కూర మీదనేనాయె."

అప్పుడే మొదటిసారి నాకు ఈ సంగతి తెలిసింది. గోడ అవతల ఎవరైనా నిలబడ్డారని నాకు తెలియదు.

ముసలాయన బల్ల కింది నుంచి ఒక గోనెసంచి లాగి, అందులో నుంచి హార్మోనియం తీసి ఇడ్లీ బల్ల మీద పెట్టాడు. "నిజమే తల్లీ. నేను వినలేదు. ఇప్పుడు వింటాను. పాడు నాయనా, కౌరవ సభలో కృష్ణుడి పద్యం."

పడిశమనో దగ్గనో చెప్పడానికి నాకు నోరు రాలేదు. హార్మోనియంకు రెండు మెట్లు పలకడం లేదు. తిత్తికి తోలు అతుకు వేసి ఉంది. అయినా ఆయన వేళ్ళు పడగానే అది లేచి కూర్చున్నట్టయింది. నేను కళ్ళు మూసుకుని అందుకున్నాను. మొదటి పాదం వణికింది. రెండో పాదానికి గొంతు దారిలో పడింది. మూడో పాదంలో పైకి పోవలసిన చోట చిరిగింది, కానీ ఆపలేదు. టాంగాలవాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. చివరి రాగం తీస్తుండగా స్టేషనులో గంట కొట్టారు.

"కర్నూలు బండి!" అంటూ వీరరాఘవయ్య హార్మోనియం వదిలేసి లేచాడు. "పొద్దుటి బేరమంతా ఇదే. నాయనా, ఆ పళ్ళెం అందుకో. అమ్మా, ఆ కాఫీ డబ్బా పట్టుకోగలవా?"

ఆలోచించే వ్యవధి లేదు. నేను ఇడ్లీ పళ్ళెంతో, నర్సమ్మ కాఫీ డబ్బాతో కటకటాల సందులో నుంచి ప్లాట్‌ఫారం మీదికి పడ్డాం. నేల అదురుతుండగా ఇంజను మా పక్క నుంచి పోయింది. నర్సమ్మ డబ్బాను రెండు చేతులతో గుండెకు హత్తుకుని, "అమ్మో, గింత పెద్దదా!" అని అరిచింది. ఆవిరి తగ్గేసరికి ఆమె మొకం పసిపిల్ల మొకంలా ఉంది. రైలు అటు కొస నుంచి ఇటు కొస దాకా తల తిప్పి చూసి, "ఇది రైలు," అంది, అప్పుడు ఒప్పుకున్నట్టు.

వీరరాఘవయ్య "ఇడ్లీ, కాఫీ" అని కేక వేశాడు. పాపం, ఆయన కేక పక్క పెట్టె దాకా కూడా పోలేదు. ఇంజను బుస, కూలీల అరుపులు, పిల్లల ఏడుపులు. నాకు ఏమి బుద్ధి పుట్టిందో, పద్యం చివర తీయవలసిన రాగం సగంలో ఆగిపోయి గొంతులోనే ఉంది కదా, దాన్ని అక్కడి నుంచే అందుకున్నాను. "వేడి వేడి ఇడ్లీ... కమ్మని కాఫీ..." అని ఆ చివరి అక్షరాన్ని సాగదీసి ప్లాట్‌ఫారం చివరి దాకా వదిలాను. కిటికీల్లోంచి వరసగా తలలు బయటికి వచ్చాయి. ఎవరో "వన్స్ మోర్" అన్నారు. గార్డు పెట్టె దగ్గరి నుంచి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చి నాలుగు ఇడ్లీలు తీసుకుని, "నాటకమా అయ్యా?" అని అడిగాడు. నర్సమ్మ చక చక కాఫీలు పోసింది. బండి కదిలేసరికి పళ్ళెంలో తడి ఆకులు తప్ప ఏమీ లేవు.

షెడ్డులోకి వచ్చి ముగ్గురమూ కూలబడ్డాం. వీరరాఘవయ్య ఆయాసపడుతూ నవ్వాడు. "ఈ హోటలు పెట్టాక రైలు ఉండగానే ఇడ్లీలు అయిపోవడం ఇదే మొదలు." తరువాత నా దిక్కు తిరిగాడు. ఇప్పుడు మొకంలో నవ్వు లేదు. "విన్నాను నాయనా. నీకు ఏది కావాలో చెప్పు. కూర కోసం చెప్పే మాటా, నిజమా?"

"నిజమే చెప్పుండ్రి."

"ఊరికి సరిపోయే గొంతు. కంపెనీకి చాలదు. పై స్థాయిలో నిలబడదు, చెదిరిపోతుంది. ఇది వయసు మీద వచ్చిన చెదురు కాదు, మొదటి నుంచీ ఉన్నదే. నాతో వచ్చి ఉంటే రెండేళ్ళు ద్వారపాలకుడి వేషాలు వేయించి, ఆ తరువాత తెర దగ్గర పెట్టేవాణ్ణి. కానీ భజనలో, పెండ్లింట్లో నువ్వు పాడితే జనం లేచిపోరు. అది తక్కువ కాదు. ఎందుకు మానేశావు పాడటం?"

కాస్త ఆలోచించి చెప్పాను. "బంగారమని అందరు నమ్మినంక, బయటికి తీసి చూపెట్టబుద్ధి గాలే."

ఆయన పగలబడి నవ్వాడు. అప్పుడు నాకూ నవ్వు వచ్చింది, పొద్దుటి నుంచి లోపల ఎక్కడో ఇరుక్కుని ఉన్న నవ్వు. నర్సమ్మ మాత్రం నవ్వకుండా, "ఊరికి సరిపోతది అన్నడు గదా. సాలు. గా మాట అప్పుడే చెప్తే మా అత్త గూడ నిమ్మలంగ ఉంటుండె," అంది. ముసలాయన ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె వద్దని చెయ్యి ఊపి, ఆయన ఇడ్లీ పాత్ర తీసుకుని తోమడానికి కూర్చుంది.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. కంపెనీ పాలమూరులోనే చితికిపోయిందని, కిరీటాలు, తెరలు ఒక్కొక్కటే పోయాయని, చివరికి రైలెక్కి ఇంటికి పోదామని స్టేషనుకు వచ్చినవాడు ఎక్కకుండా ఇక్కడే ఉండిపోయానని చెప్పాడు. "నాక్కూడా చిన్నప్పుడు మా గురువుగారు చెప్పారు. మద్రాసులో నిన్ను పల్లకీలో ఊరేగిస్తార్రా అని." మొకం అదోలా పెట్టి, "ఆయన మా ఇంట్లో రెండు నెలలు తిన్నాడు," అన్నాడు. అప్పుడు నర్సమ్మ నవ్వింది. పాత్ర వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

వచ్చేటప్పుడు నర్సమ్మ కోసం జడ్చర్ల దాకా రైల్లోనే వచ్చాం. ఇంత దగ్గరైనా టిక్కెట్టు ఇస్తారు, బస్సు కంటే చవక, మసి కూడా తక్కువ. ఆమె కిటికీ వదలలేదు. దేవరకొండలో దిగగానే పాన్ దుకాణం బక్కయ్య పట్టుకున్నాడు. ఎలా తెలిసిందో ఊరికి, రైలు చూడటానికి కాదని.

"ఏమన్నడు నాటకమాయన?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊరికి సరిపోతుందన్నాడని, కంపెనీకి చాలదన్నాడని, తెర లాగించేవాణ్ణన్నాడని.

బక్కయ్య పాన్ చుడుతూ తల అడ్డంగా ఊపాడు. "ముసలోడయిండు గదా, పాపం. యాది తప్పింది ఆయనకు. నువ్వేం మనసుకు తీసుకోకు." వారం తిరిగేసరికి ఊళ్ళో చెప్పుకునే మాట ఇది: నన్ను తీసుకుపోలేకపోయానని వీరరాఘవయ్య నా చేతులు పట్టుకుని ఏడ్చాడట. చేతులు పట్టుకుని ఏడ్చిన మాట నిజమే. అది కోడికూరను తలచుకుని అని చెప్పినా ఎవరూ వినడం లేదు.

ఇప్పుడు ప్రతి శనివారం భజనలో పాడుతున్నాను. పైకి పోవలసిన చోట గొంతు చెదురుతుంది. చెదిరినప్పుడు ముందు వరుసలోవాళ్ళు, పోయి ఉంటేనా అని ఇప్పటికీ నిట్టూరుస్తారు. ఆ బండ్లు వెళ్ళిన పొద్దున సంగతి ఈ మధ్య తరచుగా గుర్తొస్తోంది. నిజానికి ఆ రోజు నన్నెవరూ ఆపలేదు. బాపు పొమ్మనే అన్నాడు, పెండ్లి వెనక్కి జరుపుతామన్నారు. నేనే తొవ్వ పక్కన నిలబడి, బండ్లు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, ఆకలవుతోందని ఇంటికి వచ్చాను. ఆ ఇరవై ఏళ్ళ పిల్లవాడికి తన గొంతు సంగతి కొంత తెలిసే ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. వాడి మీద నాకు జాలి లేదు. మంచి భోజనం చేసి, మంచి పిల్లను పెండ్లాడాడు. గోడ అవతల వినేవాళ్ళు ఒకరున్నారని తెలియక ఇంకాస్త పెద్ద సభ కోసం ఎదురుచూశాడు, అంతే.

మీరు కార్తీకంలో ఈ దారిన పోతే ఒక్క సలహా. జడ్చర్ల స్టేషను బయట సీతాఫలాలు బుట్టలతో అమ్ముతారు. పండినవి కొనకండి, బస్సు కుదుపులకు ఒళ్ళో కారిపోతాయి. గట్టి కాయలు ఏరి ఎండుగడ్డిలో మూటకట్టుకోండి, రెండు మూడు రోజుల్లో చాలావరకు పండుతాయి. కొన్ని ఎన్నాళ్ళున్నా పండవు, వాటిని పారేయకండి. నర్సమ్మ వాటిని పొయ్యిలో నిప్పుల మీద కాల్చి, పైన నల్లబడ్డ తోలు ఒలిచి పెడుతుంది. ఆ రుచి వేరు. మా ఇంట్లో పండిన వాటి కంటే అవే ముందు అయిపోతాయి.